పల్లెబడిలో యంత్రపాఠము

బడిలో అడుగుపెట్టిన మొట్టమొదటి యంత్రమేది అని మమ్ము అడిగినచో నల్లబల్ల అని చెప్పుదుము. దానికి మీట లేదు, తీగ లేదు, చప్పుడు లేదు. కావున దానిని యంత్రమనుటకు పలువురు సందేహింపవచ్చును. కాని ఒక్కరి చేతివ్రాతను అరువది జతల కన్నులకు ఒక్కమారుగా అందించు సాధనమును యంత్రమనక మరేమనవలెను? దానికిని పోషణ కావలెను. మన పల్లెలలో శనివారము నాడు బొగ్గు నూరి, గుంటగలగరాకు పసరుతో కలిపి, బల్లకు పట్టించి ఎండలో ఆరబెట్టెడివారు. పసరు చాలకున్న బొగ్గు రాలిపోవును. ఎక్కువైనచో బల్ల జిడ్డుదేరి సుద్ద పట్టదు. ఆ పాకము తెలిసిన పెద్ద తరగతి పిల్లవాడొకడు ప్రతి బడిలోను ఉండెడివాడు. నేడు బడులకు చేరుచున్న విలువగల యంత్రముల విషయమున అటువంటి పాకము తెలిసినవారు ఎందరున్నారు? దీనిని గూర్చియే మేము కొంత ముచ్చటింపదలచినాము.

1986వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఒక పథకమును ప్రకటించినది. దాని పేరు ఆపరేషన్ బ్లాక్‌బోర్డు. మరుసటి యేట అది ఆరంభమైనది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు ఎండవానలకు తట్టుకొను రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైనంతవరకు వారిలో ఒకరు స్త్రీ, నల్లబల్ల, పటములు, ఆటవస్తువులు, కొద్దిపాటి విజ్ఞానశాస్త్ర సామగ్రి సమకూర్పవలెనని దాని ఉద్దేశము. మంచి ఉద్దేశమే. కాని సంవత్సరములను ఒకదాని ప్రక్క నొకటి పెట్టి చూచినచో ఒక వింత కనబడును. ఈ పథకమునకు పండ్రెండేండ్లకు ముందే, 1975లో, మన దేశపు పల్లెబడులకు ఆకాశములోని ఉపగ్రహమునుండి బొమ్మల పాఠములు దిగివచ్చినవి! ఆకాశపాఠము ముందు వచ్చినది. గోడమీదికి నల్లబల్ల తరువాత వచ్చినది. పేద బడులకు సాధనములు చేరిన తీరు మన దేశములో తరచుగా ఇట్లే యున్నది.

ఆ ఉపగ్రహపాఠముల కథ పెద్దలకు జ్ఞాపకముండవచ్చును, పిన్నలకు తెలియకపోవచ్చును. విక్రమ్ సారాభాయి గారి సంకల్పబలమున 1969లో మన అణుశక్తి శాఖకును అమెరికా దేశపు అంతరిక్ష సంస్థ నాసాకును ఒప్పందము కుదిరినది. ఫలితమును చూచుటకు సారాభాయి గారు లేకపోయిరి. వారు 1971 డిసెంబరులో దివంగతులైరి. నాసావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును 1975లో తూర్పు ఆఫ్రికాపైకి, మనకు కనబడు చోటికి, జరిపిరి. ఆ యేడు ఆగస్టు 1వ తేదీనుండి మరుసటి యేడు జూలై 31 వరకు, సరిగా ఒక్క సంవత్సరము, ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములను ఉద్దేశించి ప్రసారములు జరిగినవి. మన రాష్ట్రమున కర్నూలు, మహబూబునగరు, మెదకు, హైదరాబాదు జిల్లాల పల్లెలు ఎన్నికైనవి. తెలుగు కార్యక్రమములను హైదరాబాదు కేంద్రమున తయారు చేసిరి. సాయంకాలము పెద్దలకు, ఉదయము బడిపిల్లలకు. ఉదయపు ప్రసారము గంటన్నర. దానిని హిందీ, కన్నడము, ఒరియా, తెలుగు అను నాలుగు భాషలకు పంచవలెను గనుక ఒక్కొక్క భాషకు ఇరువదిరెండున్నర నిమిషములు వచ్చినవి. ఆ అర నిమిషము ఎందులకో ఆనాటి బడిపంతుళ్ళకు చాలకాలము అర్థము కాలేదట. అన్నదమ్ముల భాగపరిష్కారములో కుంచెడు గింజలు కూడ కొలిచి పంచినట్లు పంచిరన్నమాట.

అట్టి ఒక పల్లెలో, పాలమూరు జిల్లాలో, నాడు ఇరువదిరెండేండ్ల వయసున ఉపాధ్యాయులుగ చేరినవారిని మేము కలిసికొంటిమి. వారిప్పుడు ఉద్యోగవిరమణ చేసి స్వగ్రామమున ఉన్నారు. పేరు చెప్పవలదని కోరిరి. కావున మాస్టారు అనియే అందుము. వారి బడి ఒక్క గది, ఒక వసారా. ఐదు తరగతులకు ఇద్దరు ఉపాధ్యాయులు. అందొకరు తరచు సెలవు. 1975 ఎండకాలము ముగియునప్పుడు ఒక లారీలో చెక్కపెట్టెయు, దానితోపాటు పది అడుగుల వెడల్పుగల తీగవల గొడుగును దిగినవి. కోళ్ళగూళ్ళకు వాడునట్టి తీగవలయే అది. ఊరివారు దానిని చూచి వానకు తిరగబడిన గొడుగు అని పేరుపెట్టిరి. ఆకాశములో ఇరువదిరెండువేల మైళ్ళకు పైన నున్న ఉపగ్రహము పంపు సన్నని సంకేతమును ఆ తీగవల ఒడిసిపట్టి పెట్టెకు అందించును. అంతకుముందు టెలివిజన్ అను మాటనైనను వినని ఊరు అది. పట్టణములో దూరదర్శనము అప్పటికి రాలేదు. హైదరాబాదు కేంద్రము 1977లో గాని ఆరంభము కాలేదు. రాజధానికంటె ముందు తమ పల్లెకు వచ్చినదని ఆ ఊరివారు నేటికిని గర్వముతో చెప్పుకొనుచున్నారు.

మొదటినాడు అరువదిమంది పిల్లలు చాపలమీద కూర్చుండిరి. కిటికీలకు ఊరంతయు వ్రేలాడెను. బొమ్మ కదలగనే చిన్నపిల్లలిద్దరు ఏడ్చిరట. మూడవ నాటికి ఆ భయము పోయినది. ఆ తరువాతనే మాస్టారికి పని మొదలైనది.

ఒకనాటి పాఠములో చేలలోని పంటల బొమ్మలు చూపుచు, వేరుశనగ అని పలుకుచుండిరి. తెర నిండ ఆకుపచ్చని చేను. పిల్లలు నోరు తెరచుకొని చూచుచున్నారేగాని ఒక్కరి మొగమునను గుర్తు కనబడలేదు. బడిగోడ కావల ఉన్న చేను అదే పంట! మాస్టారు పెట్టె ప్రక్కకు పోయి, "అరే, అది మన పల్లికాయనే గదరా!" అనగనే గది యంతయు గొల్లుమనెను. "అవ్ సార్, పల్లికాయ! మా చెల్కల ఉన్నది సార్!" అని అరచిరి. ఆ అరపులలో తరువాతి రెండు నిమిషముల పాఠము కొట్టుకొనిపోయినది. యంత్రము ఆగదు గదా. పట్టణమున శిష్టభాషలో చక్కగా వ్రాసిన పాఠము అది. దానిలో దోషమేదియు లేదు. కాని బడిగోడ యీవలి మాటకును ఆవలి చేనికిని నడుమ మనిషి యొకడు నిలువవలసి వచ్చెను.

అప్పటి వారి ఇక్కట్లు మూడని మాస్టారు మాకు చెప్పిరి. రేపటి పాఠము ఎట్లుండునో ముందుగ చూచు వీలు లేదు. నడుమ ఆపి ప్రశ్న వేయు వీలు లేదు. అర్థముకాని పిల్లలకు మరల చూపు వీలు లేదు. కార్యక్రమపు వివరముల కాగితము తపాలాలో వచ్చెడిది. ఒక్కొక్కప్పుడు పాఠము ముగిసిన వారమునకు వచ్చెడిది. ఇక ఐదు తరగతులవారికి ఒకే పాఠము. ఐదేండ్ల బిడ్డకు కొరుకుడుపడదు, పండ్రెండేండ్లవానికి విసుగు. ఒకనాడు మాస్టారు ఒక సాహసము చేసిరి. శబ్దపు మీటను పూర్తిగ తగ్గించి, కదలు బొమ్మలకు తామే తమ ఊరి మాటలలో కథ చెప్పిరి. పై అధికారి ఎవరైన ఆ నిమిషమున వచ్చినచో ఏమగునో యని గుండె దడదడ లాడినదట. ఎవరును రాలేదు. పిల్లలు మాత్రము, "మళ్ల గట్లనే చెప్పు సార్" అని వారము దినములు వెంటబడిరట. ఇది విని ప్రసారవృత్తిలోని మేము నొచ్చుకొనలేదు. పైపెచ్చు, ఆ మీటను పెట్టెకు అమర్చినవారికి మనసులో నమస్కరించితిమి.

టెలివిజన్ పాఠములకంటె మాస్టారికి ఎక్కువ ఉపకరించినది మరియొకటి. ఆ ప్రయోగములో భాగముగ ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో పండ్రెండు దినముల శిక్షణ నిచ్చిరి. దేశము మొత్తముమీద రెండు విడతలుగ దాదాపు 50 వేలమంది ఉపాధ్యాయులు దానిని పొందిరి. టెలివిజన్ కార్యక్రమమొకటి, దానివెంట రేడియో, అచ్చుకాగితములు, చేతితో చేసి చూచు పనులు, ఇవన్నియు కలిపిన శిక్షణ అది. చేతికందిన వస్తువులతోనే ప్రయోగములు చేయవచ్చునని అక్కడ నేర్చితినని వారు చెప్పిరి. పిల్లలకు నేరుగ చెప్పుటకంటె పంతులుకు చెప్పుటలోనే ఆ యంత్రము ఎక్కువ పని చేసినదని మా అభిప్రాయము. దీనిని గూర్చి మన విద్యాధికారులు అప్పుడును ఇప్పుడును తగినంత ఆలోచింపలేదని తోచును.

1976 జూలై 31తో ప్రసారములు ఆగినవి. ఉపగ్రహమును దాని సొంతదారులు వెనుకకు జరుపుకొనిరి. గొడుగు కొన్నాళ్ళు కప్పుపై నుండెను. పెట్టె ఒక మూలన గోనెపట్టా క్రింద నుండెను. పిల్లలు ప్రతి ఉదయము, "ఇయ్యాల వస్తదా సార్?" అని అడుగుట మానలేదు. అప్పుడు మాస్టారు తమ యంత్రమును తాము చేసికొనిరి.

దానిని గూర్చి కొంత వివరముగ చెప్పుదుము. మన పల్లెలలో పుట్టిపెరిగిన శ్రోతలు పలువురు చిన్ననాడు అటువంటిదానితో ఆడుకొనియే యుందురు. మాడిపోయిన గాజుబల్బు నొకటి తెచ్చి, దాని మూతిని మెల్లగ విప్పి, లోపలి తీగలను తీసివేసి, తేటనీరు నింపవలెను. తలుపులు మూసి గదిని చీకటి చేయవలెను. బయట ఎండలో ఒకడు అద్దము పట్టుకొని, కిటికీ సందునుండి వెలుగును లోనికి మరలింపవలెను. ఆ వెలుగునకును బల్బునకును నడుమ సినిమా ఫిల్ము ముక్కను తలక్రిందులుగ పట్టినచో ఎదుటి గోడమీద పెద్ద బొమ్మ నిలువుగ పడును. నీటిబల్బు కుంభాకార కటకముగ పనిచేయుటయే దీని రహస్యము. వెలుగు దానిగుండ పోవునప్పుడు వంగి, ఒకదాని నొకటి దాటి పోవును గనుక బొమ్మ తిరగబడును. ఆ కారణముననే ఫిల్మును తలక్రిందులుగ పట్టవలెను. దీనిని మాస్టారు మొదట చెప్పలేదు. పిల్లలు నిలువుగ పట్టి, కథానాయకుడు తలక్రిందులుగ నడచుట చూచి పకపక నవ్వి, తామే త్రిప్పి పట్టుకొనిరి. కారణము తరువాత అడిగిరి. అడిగిన తరువాత చెప్పిన పాఠము నేటికిని తమ పాత విద్యార్థులకు జ్ఞాపకమున్నదని మాస్టారి సంతోషము.

సినిమా ముక్కలతో ఆగలేదు. తూనీగ రెక్కను పట్టిరి. దాని ఈనెల అల్లిక గోడ నిండ పరచుకొనెను. కుళ్ళి జల్లెడవలె మిగిలిన రావియాకును పట్టిరి. గాజుపలకపై సిరాతో పాలమూరు జిల్లా పటము గీసి పట్టిరి. కృష్ణానది గోడపై ఒక మూలనుండి మరియొక మూలకు ప్రవహించినది. మాస్టారి ధోవతియే తెర. ఖర్చు లేదు, తాళము లేదు, పగిలినచో సంజాయిషీ లేదు. ఊరిలో మాడిపోయిన బల్బులకు కొదువ లేదు; ఆనాటి కరెంటు హెచ్చుతగ్గుల పుణ్యమది.

ఈ యంత్రములో ముఖ్యమైన భాగము అద్దము పట్టువాడు. సూర్యుడు జరుగుచుండును గనుక అద్దమును కొంచెము కొంచెముగ త్రిప్పుచుండవలెను. లేకున్న బొమ్మ గోడపైనుండి జారిపోవును. ఆ పనికి మాస్టారు ఒక గొల్లల పిల్లవానిని ఎన్నుకొనిరి. వాడు బడికి రెండునాళ్ళు వచ్చి నాలుగునాళ్ళు మేకల వెంట పోవువాడు. అద్దము చేతికి వచ్చినది మొదలు ప్రతిదినము వచ్చెను. ఏ ఋతువులో ఏ వేళకు ఎండ ఏ కిటికీలోనికి వచ్చునో బడి యంతటిలో వానికే తెలియును. లోపలి బొమ్మను మాత్రము వాడు చూడలేడు గదా! అందుకని చివర పది నిమిషములు మాస్టారే బయటకు పోయి అద్దము పట్టెడివారు, వాడు లోపల కూర్చుండి చూచెడివాడు.

రెండేండ్లు ఇట్లు జరిగినవి. మూడవ యేట వానలు లేవు. వాని తండ్రి కుటుంబమును వెంటబెట్టుకొని మట్టిపనులకు బొంబాయివైపు వెడలిపోయెను. పాలమూరు కూలీలనగా దేశమంతటను ఆనకట్టలు కట్టినవారు, కాలువలు త్రవ్వినవారు. ఆ గుంపులో వీడును కలసిపోయెను. మాస్టారు ముందురాత్రి వారి యింటికి పోయి, పిల్లవానిని తమ యింట ఉంచుకొందునని అడిగిరట. "వీడు రాకుంటే చిన్నదాన్ని ఎవలు సూస్తరు పంతులూ?" అని తల్లి అడిగెను. దానికి మాస్టారి యొద్ద జవాబు లేకపోయెను.

ఉపగ్రహపాఠములపై అప్పట జరిగిన పరిశీలనలలోను ఇదే జాడ కనబడును. పిల్లల భాష కొంత మెరుగుపడినదనియు, పాఠ్యపుస్తకమునకు వెలుపలి సంగతులు తెలిసికొను కుతూహలము పెరిగినదనియు వానిలో తేలినది. బడిలో చేరువారి సంఖ్యపైన గాని, బడి మానువారి సంఖ్యపైన గాని చెప్పుకోదగిన ప్రభావము కానరాలేదు. ఈ రెండవ మాటను ఆ ప్రయోగము యొక్క పరాజయముగ కొందరు చెప్పిరి. మాకు అట్లు తోచదు. అద్దము పట్టిన పిల్లవానిని బడికి రప్పించునంతటి బలము ఒక మాడిన బల్బుకు ఉండినది. కరవును ఆపు బలము దానికి లేదు, ఉపగ్రహమునకును లేదు. యంత్రమును దాని పనిని బట్టి కొలువవలెను.

మాస్టారు తరువాత మరి నాలుగు బడులలో పనిచేసిరి. ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పెట్టె వచ్చినది. అందు దిక్సూచి, భూతద్దము, అయస్కాంతము, త్రాసు మొదలగునవి యున్నవి. ఆపైన రేడియోయు టేపురికార్డరును కలిసిన పెట్టెలు, కొన్ని బడులకు రంగుల టెలివిజన్లు వచ్చినవి. ఇక్కడ మన బడుల చరిత్రలో ఒక గొప్ప పాత్ర ప్రవేశించును. దాని పేరు స్టాకు రిజిస్టరు. వస్తువు దిగిననాడు ప్రధానోపాధ్యాయుడు దానిలో సంతకము చేయును. ఆ క్షణమునుండి పగిలినను, పోయినను, ఎలుకలు కొట్టినను బాధ్యత ఆయనదే. వాడలేదేమని అడుగువారు లేరు; పగిలినదేమని అడుగువారు గలరు. ఇట్టి న్యాయము క్రింద బుద్ధిమంతుడైనవాడు ఏమి చేయును? బీరువాలో పెట్టి తాళము వేయును. భూతద్దములు చీకటిలోనే జీవితము గడపినవి. ఒక బడిలో రంగుల టెలివిజన్‌కు కుట్టించిన ముసుగుగుడ్డ రెండుమారులు మార్చిరట, పెట్టె మాత్రము ఎప్పుడును వెలుగలేదట! మేము ఉపాధ్యాయులను తప్పుపట్టుట లేదు. ఎన్ని యంత్రములు పంపితిమన్న లెక్క పైవారి యొద్ద కలదు. ఎన్ని గంటలు నడచినవన్న లెక్క ఎవరును అడుగలేదు. నూరు భూతద్దములలో పది పగులునని ముందే ఒప్పుకొని, ఆ పదింటిని కొట్టివేయు అధికారము బడిపంతులుకే యిచ్చియున్నచో తక్కిన తొంబది వెలుగు చూచి యుండెడివి.

రేడియోను గూర్చి మేము ఎక్కువ చెప్పుట మా గొప్ప మేమే చెప్పుకొనుట యగును. కాని ఒక్క సంగతి విడువరానిది. 1970 దశకమున మధ్య అమెరికాలోని నికరాగువా దేశమున గణితమును రేడియో ద్వారా కొత్తపద్ధతిలో బోధించిరి. రేడియో ప్రశ్న వేయును. కొన్ని క్షణములు మౌనముగ నుండును. ఆ మౌనములో పిల్లలందరు బిగ్గరగ జవాబు చెప్పుదురు. ఆపైన రేడియో సరియైన జవాబు చెప్పును. ఆ పాఠములు వినిన పిల్లలు వినని పిల్లలకంటె లెక్కలలో మెరుగుగ నుండిరని పరీక్షలలో తేలినది. ఆ పద్ధతి పలుదేశములకు ప్రాకినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఆకాశవాణి కేంద్రములనుండి ప్రాథమిక పాఠశాలలకు వచ్చిన 'విందాం నేర్చుకుందాం' అట్టిదే. ఖర్చు తక్కువ, బొమ్మ లేదు గనుక కన్నులు స్వేచ్ఛగ నుండును, చేతులు పని చేయవచ్చును.

ఉద్యోగకాలపు చివరి యేండ్లలో మాస్టారు ఆ పాఠములను పిల్లలకు వినిపించెడివారు. రేడియో అడిగినది: ఆరును ఏడును కలిపిన ఎంత? గదిలో సగము మంది పదమూడనిరి, కొందరు పండ్రెండనిరి. రేడియో, "భేష్, పదమూడు!" అని మెచ్చుకొని ముందుకు సాగినది. పండ్రెండన్న పిల్ల యొకతె కూడ ఆ మెప్పు తనకే యనుకొని సంతోషించి, "సార్, మనం చెప్పేది రేడియోకు ఇనబడ్తదా?" అని అడిగెనట. మాస్టారు, "దానికి ఇనబడదమ్మా, నాకు ఇనబడ్తది. నువ్వు ఒకసారి వేళ్ళ మీద లెక్కబెట్టు" అనిరట. ఆ పిల్ల చేతివేళ్ళు చాలక మాస్టారి చేతివేళ్ళను అరువు తీసికొనెను.

మా వృత్తిలో మౌనమును భయముతో చూచుట అలవాటు. రెండు క్షణములు ధ్వని ఆగినచో యంత్రము చెడినదేమో యని శ్రోత మీట త్రిప్పునన్న భయము. బడిపాఠమున ఆ మౌనమే పాఠములో సగము. అది ఎంత పొడవుండవలెనో నిర్ణయించుటకు ఒంటరి గదిలో కూర్చున్న ప్రసారకునికంటె అరువదిమంది నడుమ నిలిచిన పంతులే తగినవాడు.

ఇక ఇటీవలి కథ. 2020 మార్చిలో మహమ్మారి వలన బడులు మూతపడినవి. ఝార్ఖండు రాష్ట్రమున దుమ్కా జిల్లాలో ఒక బడివారు చెట్లకును స్తంభములకును ధ్వనివర్ధకములు కట్టి, ఎవరి ముంగిట వారు కూర్చున్న పిల్లలకు పాఠములు వినిపించిరి. తెలంగాణమున ఆ యేడు సెప్టెంబరు 1నుండి మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ళలో పాఠములు ప్రసారమైనవి. నలువదియైదేండ్ల తరువాత ఆకాశపాఠము మరల పల్లెకు దిగినదన్నమాట.

దేవరకొండ ప్రాంతములో ఒక తండా బడిలో పనిచేయు ఉపాధ్యాయిని అప్పటి అనుభవమును మాకు చెప్పిరి. తండాలో పదునేడుగురు బడిపిల్లలు. ఇండ్లన్నిటిలో కలిపి తెరఫోనులు ఆరు. వానిలో నాలుగు ఉదయము ఆరింటికే తండ్రుల జేబులలో కూలిపనికి పోవును. టెలివిజన్ కొందరి యిండ్ల నుండెను. కాని నెలసరి రుసుము కట్టనిదే ఛానళ్ళు రావు. పనులు లేని ఆ కాలమున రుసుము కట్టువారెవరు? ఆమె తమ సొంత డబ్బుతో మూడిండ్లకు రుసుము కట్టించిరి. ఆ మూడిండ్ల వసారాలనే మూడు బడులుగ చేసిరి. ఒక యింట పాఠము ముగియగనే ముఖమునకు గుడ్డ కట్టుకొని రెండవ యింటికి, అక్కడనుండి మూడవ యింటికి నడచిరి. పాఠము ముప్పది నిమిషములైనచో దాని తరువాతి మాటలకు గంట పట్టెడిది. ఒక యింట పిల్లలతోపాటు వారి నాయనమ్మ కూడ కూర్చుండి పాఠములు విని, సందేహములు ఆమెయే ముందు అడిగెడిదట.

ఆ పిల్లలకు మరియొక చిక్కు గలదు. వారి యింటి భాష లంబాడీ. తల్లిని యాడి యందురు, రొట్టెను బాటి యందురు. తెలుగే వారికి బడిభాష. దానిపైన పుస్తకపు తెలుగు, దానిపైన టెలివిజన్ తెలుగు. పాలమూరు పిల్లలకు గోడ ఒక్కటియే అడ్డము. వీరికి మూడు గోడలు.

ఆంధ్రప్రదేశమున 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచిరి. మరుసటి యేట ఉన్నత పాఠశాలల తరగతి గదులలో వ్రేలితో తాకిన పనిచేయు పెద్ద తెరలు బిగించిరి. ఇట్టి తెరలలో పాఠమును ముందుగ చూడవచ్చును, నడుమ ఆపవచ్చును, ఎన్నిమారులైనను మరల చూపవచ్చును. 1975లో మాస్టారు కోరిన మూడు కోరికలును ఇట్లు తీరినవి. అది సామాన్యము కాదు. భూగోళమును త్రిప్పి చూపు సౌకర్యము, గుండె కొట్టుకొను తీరును కదలు బొమ్మగ చూపు సౌకర్యము మా కాలపు విద్యార్థులకు కలలోనైనను లేనివి. ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు మాతో, "తెర బాగున్నంతకాలము స్వర్గమే. అది ఒకనాడు నల్లబడినది. బాగుచేయువాడు రావలెనని వ్రాసితిమి. వాడు వచ్చులోపల ఆ గోడకు నల్లబల్లకూడ లేకపోయెను, తెర బిగించుటకు దానిని తొలగించినారు గదా" అని చెప్పెను. తెర ప్రక్కన రెండడుగుల నల్లబల్ల నుంచుటకు చోటు లేకపోలేదు. ఆలోచన లేకపోయినది.

తెలంగాణమున ఆ తండాబడికి అటువంటి తెర మేము పోయిననాటికి రాలేదు. వచ్చినచో సంతోషింతునని ఉపాధ్యాయిని అనిరి. అప్పటివరకు తమ ఫోనులోని పాఠమును ఐదుగురేసి పిల్లలకు చూపుచున్నారు. చూపునప్పుడు ప్రక్కన ఒక నోటుపుస్తకము తెరచియుంచుట వారి అలవాటు. పేజీకి మూడు వరుసలు. మొదటిది పుస్తకపు మాట, రెండవది తెరపైన వినిన మాట, మూడవది తండా మాట. మూడవ వరుసను పిల్లలే నింపవలెనని నియమము. అందు అక్షరదోషములు దిద్దరు. ఆ పుస్తకమును మేము త్రిప్పి చూచితిమి. వేరుశనగ ప్రక్క రెండవ గడిలో పల్లీలు అని యున్నది, మూడవ గడి ఖాళీగ నున్నది. ఎందుకని అడిగితిమి. "ఎగువ తండా పిల్లలు ఒకటి చెప్పుచున్నారు, దిగువ తండా పిల్లలు ఇంకొకటి చెప్పుచున్నారండీ. తేల్చుకొని వ్రాయండని వారికే వదలిపెట్టినాను" అని ఉపాధ్యాయిని చెప్పిరి.